కోడిపిల్లల మేతసంచి చికిత్స పెట్టె: ఎనిమిది నెలల వాడకం తరువాత

కోడిపిల్లలకు మేతసంచి జబ్బు చేసినప్పుడు ఇంట్లోనే వైద్యం చేసుకోవడానికి కావలసినవన్నీ ఒకేచోట అమర్చి ఇస్తామంటూ అమ్ముతున్న ఒక చికిత్స పెట్టెను ఎనిమిది నెలల క్రితం తెప్పించుకున్నాను. ఈ ఎనిమిది నెలల్లో మూడు విడతలుగా 62 పిల్లలను పెంచాను. వాటిలో మేతసంచి చెడినవి 7. ఆ ఏడింటి పుణ్యమా అని పెట్టెలోని వస్తువులను ఒకటి రెండు తప్ప అన్నిటినీ ఏదో ఒక సందర్భంలో వాడి చూసే అవకాశం దొరికింది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంచుమించు ఇవే వస్తువులతో, ఇదే అమరికతో వేర్వేరు పేర్ల పెట్టెలు దొరుకుతున్నాయి కాబట్టి, లోపలి వస్తువుల మంచిచెడ్డలు విడివిడిగా చెబితేనే చదివేవారికి ఉపయోగం. పెట్టెలో మూడు కొలతల సిలికాన్ గొట్టాలు, రెండు సిరంజిలు, 'మేతసంచి చుక్కలు' అని రాసిన గోధుమరంగు సీసా, మేలుచేసే బాక్టీరియా ఉన్న ప్రోబయాటిక్ పొడి డబ్బా, పిల్లలకు సరిపడే గ్రిట్ (మేత నలగడానికి కోళ్ళు మింగే చిన్న రాళ్ళు) సంచి, నీలం పలుకులున్న చిన్న పొట్లం, 16 పేజీల సూచనల పుస్తకం ఉన్నాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ప్రచారం చేసుకున్నది చుక్కల సీసా. నాకు అక్కరకు వచ్చినవి మాత్రం మూత మీద పేరైనా లేని గొట్టాలు, గ్రిట్టు. ఇక నీలం పొట్లమూ, పుస్తకంలోని తొమ్మిదో పేజీ ఆ పెట్టెలో అసలు ఉండకూడనివి.

వస్తువుల దగ్గరికి వెళ్ళే ముందు మేతసంచి గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే పెట్టె తయారుచేసినవారి మొదటి పొరపాటు అక్కడే మొదలైంది. పశువైద్యులు క్రాప్ అనీ, పాఠ్యపుస్తకాలు అన్నాశయం అనీ పిలిచే ఈ సంచి నిజానికి ఆహారనాళంలోనే ఉబ్బిన ఒక భాగం. మెడ మొదట్లో, రొమ్ముకు కాస్త పైన, పక్షికి కుడివైపుగా చర్మం కిందే ఉంటుంది. కోడి గబగబా ఏరుకున్న మేత ఇక్కడ నిలిచి, తడిసి, నాని, కొద్దికొద్దిగా దిగువకు జారుతుంది. జీర్ణరసాలు ఊరే పొట్ట దీని తరువాత, మేతను నలగ్గొట్టే కందనకాయ దాని తరువాత వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న సంచిలో లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా స్థిరపడి లోపలంతా పులుపుగా, అంటే ఆమ్లగుణంతో ఉంచుతుంది. ఆ పులుపే తక్కిన సూక్ష్మజీవులు పెచ్చుపెరగకుండా అడ్డుకుంటుంది. పొడవాటి గడ్డిపోచలు, రంపపు పొట్టు, దారం ముక్కలు ఉండకట్టి దారి మూసుకుపోతే సంచి గట్టిపడుతుంది. కదలిక మందగించి మేత నిలవ ఉండిపోతే, లేదా యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడి మంచి బాక్టీరియా నశిస్తే, కాండిడా అనే ఈస్టు పెరిగి సంచి నీళ్ళ తిత్తిలా మెత్తబడి నోటి నుంచి చెడు వాసన వస్తుంది. ఎక్కువ రోజులు సాగిపోయిన కండరం పట్టు కోల్పోతే సంచి కిందికి వేలాడుతుంది. ఈ మూడింటికీ చేయవలసిన వైద్యం ఒకటి కాదు, కొన్ని విషయాల్లో ఒకదానికి చేసేది ఇంకొకదానికి హాని కూడా చేస్తుంది. మూత మీద మాత్రం 'అన్ని రకాల మేతసంచి సమస్యలకూ' అని అచ్చువేశారు.

సూచనల పుస్తకం రెండో పేజీలో ఉబ్బిన మేతసంచి ఉన్న పిల్ల బొమ్మ వేసి, ఇలా కనిపిస్తే వెంటనే చికిత్స మొదలుపెట్టమని రాశారు. ఆ బొమ్మలో ఉన్నది, నాకు తెలిసినంతలో, సాయంత్రం కడుపునిండా తిన్న ఆరోగ్యవంతమైన పిల్ల. పొద్దుగూకే వేళకు సంచి గోళీకాయలా పొడుచుకువచ్చి ఉండటం సహజమనీ, అది తెల్లవారేసరికి ఖాళీ అవుతుందా లేదా అన్నదే చూడవలసిన విషయమనీ ఆ పేజీలో ఎక్కడా లేదు. రాత్రి పడుకునే ముందు పిల్లను చేతిలోకి తీసుకుని వేలి కొసలతో సంచిని తడిమి, మేతా నీరూ తీసేసి, తెల్లవారగానే మేత వేయకముందు మళ్ళీ తడమాలి. ఉదయానికి చర్మం మడతలా వదులుగా తగిలితే ఏ చికిత్సా అక్కరలేదు. గట్టిగా, మట్టిముద్దలా తగిలితే అడ్డుపడినట్టు. నొక్కితే నీళ్ళు నింపిన బుడగలా కదిలితే పులిసినట్టు అనుకోవాలి. అప్పుడే పొదిగిన పిల్లల విషయంలో ఈ తడిమి చూడటమే పెద్ద ఫారాల్లోనూ అలవాటు. పిల్లలను వెచ్చగా ఉంచే గూడైన బ్రూడర్‌లో వేసిన 24 గంటలకు నూటికి 95 పిల్లల సంచుల్లోనైనా మేత చేరి ఉండాలనీ, అది మెత్తగా తగలాలనీ, గట్టిగా తగిలితే మేత దొరికింది గాని నీళ్ళు సరిగా తాగలేదని అర్థమనీ వారు లెక్క వేసుకుంటారు. గుడ్డులోని పచ్చసొన మిగులు మొదటి రెండు మూడు రోజులు పిల్లను నిలబెడుతుంది కనుక ఆ రోజుల్లో ఈ తేడా బయటికి కనిపించదు. 16 పేజీల పుస్తకంలో ఇవన్నీ చెప్పడానికి అర పేజీ చాలు. ఆ అర పేజీ ఉంటే నేను మొదటి వారంలో జబ్బే లేని రెండు పిల్లలకు చుక్కల మందు పోసి ఉండేదాన్ని కాదు.

ఇక వస్తువుల సంగతి. గొట్టాలు మంచివి, మనస్ఫూర్తిగా మెచ్చుకోదగ్గవి. వైద్య పరికరాల కొలతలో 5, 8, 12 ఫ్రెంచ్ సైజుల్లో మూడు గొట్టాలు ఇచ్చారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు కాబట్టి 8 సైజు గొట్టం మందం సుమారు 2.7 మిల్లీమీటర్లు. వారం రోజుల పిల్లకు 5 సైజూ, మూడు నాలుగు వారాల పిల్లకు 8 సైజూ సరిపోయాయి. 12 సైజు ఎదిగిన పెట్టలకే తప్ప పిల్లలకు పనికిరాదు. మామూలు ప్లాస్టిక్ గొట్టాల్లా ఇవి రోజులు గడిచేకొద్దీ బిరుసెక్కలేదు, మరిగించినా రూపు మారలేదు. పిల్ల గొంతు లోపలి పొర ఎంత పలుచన అంటే బిరుసు గొట్టం కొస సులభంగా చీల్చగలదు. అందువల్ల ఈ మెత్తదనమే గొట్టానికి ఉండవలసిన మొదటి గుణం. ఒక లోపం చెప్పాలి: నాకు వచ్చిన 5 సైజు గొట్టం కొస దగ్గర పక్కకు కోసిన రంధ్రం అంచు గరుకుగా ఉంది. వేలి మీద రుద్ది చూస్తే తెలిసింది. దాన్ని పక్కన పడేసి మరొకటి అడిగితే పదిరోజుల్లో పంపారు. కొన్నవారు మొదట చేయవలసిన పని ఈ అంచులు తడిమి చూడటం.

గొట్టం ఎక్కించే పద్ధతిని పుస్తకం నాలుగు వాక్యాల్లో ముగించింది. అది నేర్చుకోవడానికి నేను పశువైద్యురాలి దగ్గర ఒక పూట కూర్చోవలసి వచ్చింది. నోరు తెరిస్తే నాలుక మొదట్లో, సరిగ్గా మధ్యలో, తెరుచుకుంటూ మూసుకుంటూ ఒక సన్నని చీలిక కనిపిస్తుంది. అది శ్వాసనాళం ద్వారం. గొట్టం దానిలోకి పోతే పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకని పిల్ల ముక్కుకు ఎడమ అంచు నుంచి ప్రవేశపెట్టి, నాలుక మీదుగా గొంతు కుడివైపుకు పోనివ్వాలి. ముందే ముక్కు కొస నుంచి మేతసంచి దాకా పొడవు కొలిచి గొట్టం మీద గుర్తు పెట్టుకుని, కొసను గోరువెచ్చని నీటితో తడిపి, తోయకుండా పిల్ల మింగుతున్నకొద్దీ జారనివ్వాలి. గుర్తు దాకా వెళ్ళాక మెడను రెండు వేళ్ళ మధ్య పట్టి చూస్తే రెండు నాళాలు వేరువేరుగా తగలాలి. ఉంగరాలు పేర్చినట్టు గట్టిగా తగిలేది శ్వాసనాళం, దాని పక్కన మెత్తగా తగిలేది మన గొట్టం. ఒక్కటే తగిలితే వెంటనే బయటికి తీసేయాలి. రెండు చేతులూ పిల్ల మీదే ఉంటాయి కాబట్టి సిరంజి నొక్కడానికి ఇంకొకరు ఉండటం మంచిది; ఒక్కరే చేయగలరని పుస్తకం భరోసా ఇచ్చింది, నాకు మాత్రం మూడోసారికి గాని చేతకాలేదు.

ఎంత పోయాలి అన్న చోట పుస్తకం మరీ ఉదారంగా ఉంది. సిరంజి నిండా, అంటే 20 మిల్లీలీటర్లు, పోయమని వయసు ప్రసక్తి లేకుండా చెప్పింది. వైద్యురాలు నాకు నేర్పిన లెక్క శరీర బరువులో నూటికి 3 నుంచి 5 వంతులు. 180 గ్రాముల పిల్లకు ఆ లెక్కన 5 నుంచి 9 మిల్లీలీటర్లే వస్తుంది. సంచి అప్పటికే సగం నిండి ఉంటే 2, 3 మిల్లీలీటర్లతో మొదలుపెట్టడం క్షేమం. పోస్తుండగా నోటిలోకి నీరు ఎగదన్నితే అక్కడే ఆపి, గొట్టాన్ని నొక్కిపట్టి బయటికి తీయాలి. నీటి వేడి 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లని నీరు సంచి కదలికను ఇంకా మందగింపజేస్తుంది, 43 డిగ్రీలు దాటిన నీరు సంచి గోడను కాల్చేస్తుంది. ఇంత తేడా చెయ్యి ముంచి చెప్పగలిగేది కాదు, అయినా పెట్టెలో థర్మామీటరు లేదు. గ్రాముల్లో చూపే చిన్న తూకం కూడా లేదు, అది లేకుండా పై లెక్క ఎలా వేయాలో తయారీదారే చెప్పాలి. సిరంజిల విషయం రెండు మాటల్లో చెబుతాను: పొడవాటి కొస ఉన్నది గొట్టానికి బిగువుగా అమరింది. నూనె వాడిన తరువాత లోపలి రబ్బరు ఉబ్బి బిగుసుకుపోవడం వల్ల రెండూ నెల తిరగకుండానే మూలపడ్డాయి. ఇవి ఎక్కడైనా దొరికేవే కనుక దీన్ని పెద్ద తప్పుగా లెక్కపెట్టను.

గట్టిపడిన మేతసంచితో వచ్చిన నాలుగు పిల్లల్లో మూడు ఈ గొట్టంతోనే తేరుకున్నాయి. మొదటిది మూడు వారాల పిల్ల. పరుపుగా వేసిన రంపపు పొట్టును మేతతో కలిపి తినేసింది. మునగదీసుకుని కూర్చున్న దాన్ని ముందు వెచ్చబరిచాను, ఎందుకంటే చలి పట్టిన పిల్లలో సంచి కదలదు, అప్పుడు పోసిందంతా నిలవ ఉండి పులుస్తుంది. మొదటి వారంలో 32 నుంచి 35 డిగ్రీలు ఉంచి ఆపైన వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలన్నది బ్రూడర్‌కు మామూలు లెక్క. జబ్బుపిల్లకు ఆ వయసుకు చెప్పినదానికంటే కాస్త ఎక్కువే ఉంచాను. ఆ తరువాత 3 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు, దానిలో రెండు చుక్కల నూనె పోసి, వేలి కొసలతో సంచిని మెల్లగా గుండ్రంగా మర్దించాను. రోజుకు నాలుగు సార్లు, ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు. ఎదిగిన కోడికైతే ఒక రోజు మేత ఆపవచ్చు గాని చిన్నపిల్లకు అంత నిలవ శక్తి ఉండదు. ఉండ వదులయ్యేదాకా గట్టి మేత మానిపించి, మేతపొడిని నీళ్ళలా పలుచగా కలిపి కొద్దికొద్దిగా ఇచ్చాను. రెండో రోజు సాయంత్రానికి ముద్ద చిదిమినట్టు విడిపోయింది, మూడో రోజు ఉదయం సంచి ఖాళీగా తగిలింది, రెట్ట మామూలు రూపానికి వచ్చింది. నాలుగో పిల్లకు ఇవేవీ పనిచేయలేదు. మూడో రోజు డాక్టరు గారు సంచిని కోసి తీస్తే చెయ్యెడు పొడవున్న ప్లాస్టిక్ దారం చుట్టలా బయటికి వచ్చింది. కుట్లు మానేవరకు పలుచటి మేత మీద ఉంచాము, ఇప్పుడది గుడ్లు పెడుతోంది. అటువంటి ఉండను ఏ మర్దనా కరిగించదు. రెండు మూడు రోజుల్లో మార్పు లేకపోతే ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళమన్న ఒక్క వాక్యం ఆ పుస్తకంలో ఉండవలసింది.

తొమ్మిదో పేజీ గురించి రాయడం నాకు కష్టమే. మేతసంచి పులిసినప్పుడు పిల్లను తలకిందులుగా పట్టుకుని, సంచిని నోటివైపు పిండి, లోపలి నీటిని కక్కించమని ఆ పేజీ బొమ్మలతో సహా చెబుతుంది. కొన్న తొలి నెలలో, ఐదు వారాల పిల్లకు, నాకు ఇంకా ఏమీ తెలియని రోజుల్లో, అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. పుల్లటి నీరు ధారగా వచ్చింది, సంచి చిక్కింది, పని జరిగిందనుకుని సంతోషించాను. గంట గడవకముందే పిల్ల నోరు తెరిచి ఎగశ్వాస తీయడం మొదలుపెట్టింది, మర్నాడు తెల్లవారేసరికి లేదు. శవాన్ని తీసుకెళితే డాక్టరు గారు కోసి చూసి, ఊపిరితిత్తుల్లో ఆ పులిసిన ద్రవమే ఉందని చూపించారు. కక్కుతున్న పక్షి ఊపిరి తీసుకోకుండా ఉండలేదు, తీసుకున్నప్పుడల్లా నోటిలో ఉన్నది లోపలికి పోతుంది. పైకి వచ్చే ద్రవం శ్వాసద్వారం మీదుగానే వస్తుంది మరి. తప్పనిసరిగా సంచిని ఖాళీ చేయవలసి వస్తే అదే గొట్టంతో, పిల్లను నిలువుగా పట్టుకుని, సిరంజితో వెనక్కి లాగి తీసేయవచ్చు. అందుకు కావలసిన పరికరం అదే పెట్టెలో పెట్టి కూడా పుస్తకం ఇంకొక దారి చూపించడం నాకు అర్థం కాలేదు. తయారీదారుకు వివరంగా రాశాను. మర్యాదగా బదులిచ్చారు, రాబోయే ముద్రణలో సవరిస్తామన్నారు. నాలుగు నెలల తరువాత ఇంకొక పెట్టె తెప్పించుకుంటే తొమ్మిదో పేజీ అలాగే ఉంది.

చుక్కల సీసా మీద రాసిన వివరాల ప్రకారం దానిలో ఉన్నవి పళ్ళతో చేసిన వెనిగర్, ఒక నూనె, వాసనకు ఒకటి రెండు మూలికల సారాలు. మేతసంచి ఆరోగ్యంగా ఉన్నప్పుడు పులుపుగా ఉంటుంది కాబట్టి పులుపు కలిపితే జబ్బు పోతుందన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. కాండిడా మాత్రం ఆ మాత్రం పులుపుకు చచ్చేది కాదు. తాగే నీటిలో లీటరుకు నాలుగు మిల్లీలీటర్ల వెనిగర్ కలపడం చాలామంది పెంపకందారుల అలవాటు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దానివల్ల హాని నేను చూడలేదు. జింకు పూత ఉన్న రేకు తొట్టెల్లో మాత్రం కలపకూడదు, పులుపుకు జింకు కరిగి నీటిలో చేరుతుంది. పులిసిన సంచి ఉన్న రెండో పిల్లకు నాలుగు రోజులు ఈ చుక్కలే పోసి చూశాను. వాసన కాస్త మారింది గాని సంచి మారలేదు. ఆ తరువాత డాక్టరు గారు నిస్టాటిన్ ద్రావణం రాసిచ్చారు. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు లోకానికి అందించిన ఈ పాత మందు పేగుల నుంచి రక్తంలోకి ఇంకదు. తగిలిన చోటే ఈస్టును చంపుతుంది. కాబట్టి సంచి ఖాళీగా ఉన్న సమయంలో, మేతకు ముందు, గోడకు తగిలేలా ఇవ్వాలన్నారు. బరువును బట్టి మోతాదు నిర్ణయించి, పూటకొక్కసారి చొప్పున రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు వాడించారు. మూడో రోజుకే పిల్ల మేత వెతుక్కోవడం మొదలుపెట్టింది. కుదుటపడింది కదా అని మధ్యలో ఆపవద్దని ఆమె గట్టిగా చెప్పకపోతే నేను ఆపేసి ఉండేదాన్నేమో. చుక్కలనే నమ్ముకుని కూర్చున్న ఆ నాలుగు రోజులు పిల్లకు దండగ. ఈ సీసాకు నేను పెట్టే పెద్ద తప్పు అదే.

నీలం పొట్లం మీద 'ఈస్టు నివారిణి' అని మాత్రమే ఉంది. ఆ రంగూ పలుకుల తీరూ చూస్తే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, అని ఎవరికైనా తెలుస్తుంది. ఈస్టు జబ్బులకు దీన్ని నీటిలో చాలా పలుచగా కలిపి వాడటం పాతకాలం నుంచి ఉన్నదే. కాని మందుగా పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఎక్కువైతే పేగుల లోపలి పొరను తినేస్తుంది, లోహపు తొట్టెలను కొరికేస్తుంది. అటువంటి వస్తువుకు పేరు రాయకుండా, తూకం రాయకుండా, 'చిటికెడు' అన్న కొలతతో అమ్మడం బాధ్యతలేని పని. నేను దాన్ని విప్పలేదు.

ప్రోబయాటిక్ పొడి గురించి చెప్పవలసింది కొద్దే. డబ్బా మీద లాక్టోబాసిల్లస్ జాతుల పేర్లు ఉన్నాయి, గ్రాముకు ఎన్ని బతికి ఉన్నాయో చెప్పే సంఖ్యా, గడువు తేదీ కూడా ఉన్నాయి. నీటిలో కలిపితే ముద్దకట్టదు. యాంటీబయాటిక్ వాడకం ముగిశాక, నిస్టాటిన్‌తో పాటు కూడా, దీన్ని ఇవ్వవచ్చు, ఎందుకంటే నిస్టాటిన్ బాక్టీరియాను ముట్టుకోదు. జబ్బు తగ్గించింది ఇదేనని చెప్పలేను, తగ్గిన తరువాత తిరగబెట్టలేదని మాత్రం చెప్పగలను. మూత తీశాక చల్లని చోట ఉంచాలి.

గ్రిట్ మాత్రం తక్కువ మాటలతో వదిలేసేది కాదు. కోడికి పళ్ళు లేవు. కందనకాయలో చేరిన చిన్న రాళ్ళే మేతను నలగ్గొడతాయి. పిల్లలకు మొదట్లో పెట్టే, పొడిగా నలిపి చేసిన స్టార్టర్ మేత ఒక్కటే తినే పిల్లకు ఇవి అక్కరలేదు, ఆ మేత నీటికే కరిగిపోతుంది. గింజలు గాని, ఆకులు గాని, గడ్డి గాని ముక్కున పట్టిన నాటి నుంచి రాళ్ళు కావాలి. కందనకాయ నలగ్గొట్టలేకపోతే దాని వెనక మేత బారులు తీరి, చివరికి మేతసంచి దాకా ఆగిపోతుంది. అంటే మెడ దగ్గర కనిపించే జబ్బుకు మూలం తరచుగా కిందే ఉంటుందన్నమాట. ఈ సంచిలో ఉన్నది గట్టి గ్రానైటు పలుకు, ముతక ఇసుకకంటే కాస్త పెద్దది, దుమ్ము లేకుండా జల్లించినది, కరగనిది. గవ్వపొడి గ్రిట్‌కు బదులు కాదని సంచి మీదే స్పష్టంగా రాశారు. అది మెచ్చుకోవలసిన జాగ్రత్త, ఎందుకంటే గవ్వపొడి పొట్టలోని ఆమ్లానికి కరిగిపోతుంది, పైగా గుడ్లు పెట్టే వయసు రాని పిల్లలకు అంత కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పరుపును రంపపు పొట్టు నుంచి మార్చి, చిన్న మూకుడులో గ్రిట్ వేరుగా పెట్టి, పెరటి గడ్డిని వేలెడు పొడవుకు మించకుండా కత్తిరించి వేయడం మొదలుపెట్టాక, మూడో విడత పిల్లల్లో గట్టిపడిన సంచి ఒక్కటి కూడా రాలేదు. ఇందులో గ్రిట్ వాటా ఎంతో, పరుపు మార్చడం వాటా ఎంతో వేరుచేసి చెప్పలేను.

ఏడో పిల్ల కథ వేరు. తొమ్మిది వారాల వయసులో సంచి నిండి అలాగే నిలిచిపోయింది, మర్దనకు వదులవడమూ మళ్ళీ నిండటమూ జరుగుతుండగా ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాచి పడిపోయింది. అది మారెక్స్ వ్యాధి. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ మొదట వర్ణించిన ఈ వైరస్ వ్యాధి నరాలను ఉబ్బించి, మేతసంచిని కదిలించే నరాన్ని కూడా చచ్చుబడేలా చేస్తుంది. దానికి చికిత్స లేదు, పొదిగిన రోజున వేసే టీకాయే రక్షణ. పురుగులు, సీసపు విషం, పేగుల్లో మరేదైనా అడ్డంకి కూడా ఇలాగే మేతసంచిని ఆపేస్తాయి. సంచి ఆగిపోవడం జబ్బు కాకుండా మరో జబ్బుకు గుర్తు కావచ్చునన్న ఈ ముఖ్యమైన సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ పిల్లకు నేను ఆరు రోజులు గొట్టం ఎక్కించాను, అది బాధపడింది తప్ప లాభం లేకపోయింది.

కొనవచ్చునా అని అడిగేవారికి: పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు దూరంగా ఉండి, గొట్టం ఎక్కించడం ఒకసారైనా కళ్ళారా చూసినవారికి ఈ గొట్టాలూ గ్రిట్టూ ఆపద సమయంలో విలువైనవే. ఆ రెండూ విడిగా దొరికే చోటు ఉంటే విడిగానే కొనుక్కుని, మిగిలిన డబ్బుతో గ్రాముల తూకం ఒకటీ, థర్మామీటరు ఒకటీ తీసుకోవడం మేలు. పిల్లలను మొదటిసారి పెంచుతున్నవారు పెట్టెను చూసి ధైర్యం తెచ్చుకుని వైద్యుడి దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేస్తారేమోనన్నదే నా భయం. వస్తువులు భద్రంగా చేరాయి, గొట్టం మార్చి ఇవ్వడంలో అమ్మినవారు పేచీ పెట్టలేదు. ఐదు నక్షత్రాలకు మూడు వేస్తాను, తొమ్మిదో పేజీ లేకపోతే నాలుగు.

రెండో పెట్టెను ఈమధ్యే కొత్తగా పిల్లలను తెచ్చుకున్న పొరుగింటి అమ్మాయికి ఇచ్చాను. ఇచ్చే ముందు నీలం పొట్లం తీసేశాను, పుస్తకంలో రెండో పేజీనీ తొమ్మిదో పేజీనీ చించేశాను, మూత లోపలివైపు ఒక కాగితం అంటించాను. దాని మీద బరువును బట్టి మిల్లీలీటర్ల లెక్కా, నీటి వేడీ, తెల్లవారుజామున తడిమి చూసే పద్ధతీ, డాక్టరు గారి ఫోన్ నంబరూ రాసి ఉన్నాయి.